సీమ సరుకు

కొత్తవాడల మా ఇంట్ల
రెండు మగ్గాల నడుమ తొవ్వ జానెడే.
ఆ జానెడు తొవ్వల కూసొని
చిలుకవ్వ లోకాన్ని రెండు తీర్ల విడగొట్టేది:
మనది, సీమది.

సీమచింత, సీమతుమ్మ, సీమపంది.
గుచ్చేది, గొంతుల వగరు పట్టేది,
ఎవలు నాటకున్నా కంచె పొంటి మొలిచేది
అన్నీ సీమవే.
కానీ సూది సీమదైతే వంగదు.
తాళం సీమదైతే దొంగ దాని ముంగట కూసొని ఏడ్వాలె.
"పొగుడుతున్నవా, తిడుతున్నవా అవ్వా?"
వక్క పక్క దవుడకు నెట్టి అన్నది:
"సరుకును బట్టి."

యాకూబ్‌పాషా నోట ఆ మాట రాదు.
రంగు గోలెం కాడ ఆయనది విలాయతి.
మోచేతుల దాకా నీలం,
గోర్ల కింద ఎప్పటిదో మంజిష్ఠ ఎరుపు.
"ఇది విలాయతి రంగు, బండ మీద బాదినా దిగదు."
డబ్బా తిప్పి చదివిన నేను, అప్పుడే అక్షరాలు వచ్చినయి నాకు.
బొంబాయి అని ఉన్నది.
"బొంబాయి గూడ పడమరనే గదా బిడ్డా"
అని మూత బిగించిండు.

ఇగ వెంకట్రాజం మామ.
ఎనుమాముల మార్కెట్ కాడ కాల్చిన కంకులు
పేపర్ల చుట్టి తెచ్చేటోడు, మసి అంగీకంటేది.
మక్క నుంచి వచ్చింది కాబట్టి మక్క అని ఆయన లెక్క.
"మా తాత హజ్జుకు పోయొచ్చిండు,
ఖర్జూరాలు తెచ్చిండు, నీళ్ళు తెచ్చిండు,
కంకులైతే తేలే" అన్నడు యాకూబ్‌పాషా,
ఒక కంకి ఒలుచుకుంట.

ఒకనాడు నూలు బేళ్ళ లారీ వచ్చింది.
డ్రైవరు ఓబులేసు, చెవికి పోగు, ఇంత మీసం.
"ఏ ఊరు నాయినా?"
"సీమ, అవ్వా."
చిలుకవ్వ కొంగు సదురుకున్నది.
ఇనుప కుర్సీ తుడిపించింది.
శానసేపు ఆయన మొఖం దిక్కే చూసి
"తెలుగు మంచిగ నేర్చినవు" అన్నది.
ఆయన నవ్వలేదు. కడప గురించి, కరువు గురించి
నిమ్మళంగ చెప్పిండు, చాయి చల్లారేదాకా.
అన్నీ విని ఆమె ఒక్కటే అడిగింది:
"అది సీమైతే, మరి సూదులు ఎవలు జేస్తుండ్రు?"

బడిల నిఘంటువు తీసి వెతికిన.
సీమ: ఎల్ల. పొలిమేర. దేశం.
లండన్ లేదు, సూది లేదు,
కంచె పొంటి తుమ్మ లేదు.
పుస్తకం తప్పో అవ్వ తప్పో
ఆ వయసుల తేల్చుకోలేకపోయిన.

ఇప్పుడు సొసైటీల పార్శిళ్ళ మీద చీటీలు రాసేది నేనే.
జర్మనీ అని రాస్త, హాలెండ్ అని రాస్త.
అన్నీ కలిపి ఇప్పటికీ 'సీమ మాలు' అనే అంటం.
మొన్న అక్కడి నుంచి వచ్చిన కాయిదంల
మా శెత్రంజికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఉన్నది.
తెలుగు చేసి చదివిన: తూర్పు దేశపు తివాచీ.

చిలుకవ్వకు చూపు పోయింది, చెవులు పోలే.
"తూర్పా?
తూర్పంటే ములుగు రోడ్డు గదనే.
మనం తూర్పెట్లయితం?"
కొద్దిసేపు ఆగి, మగ్గం గుంజ తడిమి
"ఎక్కడ నిలబడి చూసిండ్రో" అన్నది.

పొద్దు కాజీపేట దిక్కు దిగుతున్నది.
నాకు తెలిసిన పడమర అదే, షేర్ ఆటోల పోయొచ్చేంత.
గవాక్షంల నుంచి ఎండ
సగం నేసిన అంచు మీద పడ్డది.
తెల్లారి కోయాల్సిన చోట గీత పెట్టాలె.
"సీమసున్నం ఏది?" అని నేనడిగితే
"నీ చెవి మీదనే ఉన్నది" అన్నడు
చూపున్న యాకూబ్‌పాషా కాదు,
కండ్లు లేని అవ్వ.